దెయ్యం సినిమా చూసిన మర్నాడు షాపు కట్టేయడం ఎలా

సెకండ్ షోకి దెయ్యం సినిమా చూసొచ్చిన కుర్రాడు మర్నాడు పగలంతా షాపులో హుషారుగానే ఉంటాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ కథే చెప్పి నలుగుర్నీ నవ్విస్తాడు కూడా. రాత్రి తొమ్మిదిన్నరకు గోడౌన్‌లో లైటు తీసి రమ్మంటే మాత్రం తోడెవరొస్తారా అని చుట్టూ చూస్తాడు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కట్టేసే వేళకు బట్టల షాపులో ఉండేవన్నీ దెయ్యం సినిమా సామాన్లే. మనిషంత బొమ్మలు, నిలువుటద్దాలు, కర్టెన్ వేసిన ఇరుకు గదులు, మిణుకుమనే ట్యూబులైటు, కిర్రుమనే ఇనుప షట్టర్. అమెరికాలో జార్జ్ రొమేరో తీసిన, శవాలు లేచొచ్చే సినిమా 'డాన్ ఆఫ్ ది డెడ్' 1978లో వచ్చింది. దానికి ఆయన పెద్ద సెట్టేమీ వేయలేదు. పెన్సిల్వేనియాలోని మన్రోవిల్ మాల్‌లో రాత్రి షాపులన్నీ మూసేశాక లోపలికెళ్ళి తీసుకున్నాడు.

భయం వల్ల నష్టం లేదు, భయంతో వచ్చే తొందర వల్లే నష్టం. తొందరలో ట్రయల్ రూమ్ చూడరు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీయరు. మెయిన్ మొత్తం దించేసి, కిరాణా, సూపర్ మార్కెట్లలోనైతే ఫ్రీజర్ కూడా ఆపేస్తారు. అందుకని ఏ క్షణంలోనూ చీకట్లో నడవాల్సిన పని పడకుండా, వినపడే ప్రతి చప్పుడూ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసేలా పనులు వరసలో పెట్టుకోవాలి. ఇక్కడ చెప్పే వరస ఇద్దరు ముగ్గురు పనిచేసే మామూలు బట్టల షాపుకు సరిపోతుంది. కిరాణా, సూపర్ మార్కెట్ వాళ్ళకు తేడా ఉన్నచోట చెబుతాను. షాపు రాత్రి 9:30కి కట్టేస్తారని లెక్క. ఆషాఢం ఆఫర్లప్పుడో, దసరా, సంక్రాంతి రోజుల్లోనో 11 దాటితే ఆ మేరకు జరుపుకోండి.

8:45కి: జనం ఉండగానే వెనకవైపు పని

ముందు గోడౌన్, ఆ తర్వాత బాత్రూమ్, ఆ తర్వాత పై అంతస్తు. వీధికి దూరంగా ఉన్నవన్నీ కస్టమర్లు ఇంకా షాపులో ఉండగానే చూసేసి తాళం వేయండి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. షాపు ఖాళీ అయ్యాక ఒక్కరే వెనక్కి పోవాల్సి రావడం ఆ ఒక్క పొరపాటు వల్లే.

గోడౌన్‌లో మూడు చూడాలి. ఇస్త్రీపెట్టె లేదా స్టీమర్ ప్లగ్గు బయటికి తీశారా? స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు తీసి వైరు పైకి చుట్టాలి. కిటికీ గడియ పడిందా? ఎత్తున పేర్చిన అట్టపెట్టెలు నిటారుగా ఉన్నాయా? ఒకటి వాలి ఉందంటే అది అర్ధరాత్రి పడుతుంది. ఆ చప్పుడు వీధిలోకి వినపడుతుంది, పొద్దున్నే పక్కషాపు వాళ్ళు మీకో కథ చెబుతారు. బరువైన పెట్టెలు కింద, తేలికవి పైన, అయిదు వరసలకు మించకుండా పేర్చండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఆపండి. దీని వెనక మంచి సంగతి ఒకటుంది. విక్ టాండీ అనే ఇంజనీరు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒక ల్యాబులో పనిచేసేవాడు. అక్కడ ఒళ్ళు జలదరించడం, పక్కన బూడిదరంగు ఆకారమేదో నిలబడినట్టు అనిపించడం జరిగింది. వెతికితే కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ సెకనుకు సుమారు 19 కంపనాల ధ్వని పుట్టిస్తోందని తేలింది. అది మన చెవికి అందనంత కిందిస్థాయి. ఫ్యాన్ సంగతి సరిచేయగానే ఆ అలజడి పోయింది. 1998లో దాని మీద పరిశోధన పత్రం కూడా రాశాడు. ప్రతి ఫ్యానూ అలాగే చేస్తుందని చెప్పలేం గానీ, ఊగుతూ అదిరే ఫ్యాను ఉన్న గదిలో ఎవరికీ స్థిమితంగా ఉండదు. బిగింపు స్క్రూలు నెలకోసారి చూడండి, రెక్కల మీద దుమ్ము తుడవండి. ఒక రెక్క మీద దుమ్ము ఎక్కువైనా అదురు మొదలవుతుంది.

9:15కి: ట్రయల్ రూములు

కర్టెన్‌ను పక్కకు లాగి క్లిప్పుతో కట్టేయండి. తలుపైతే పూర్తిగా తెరిచి గోడకు ఆనించండి. రాత్రంతా అలాగే ఉండాలి. మూసిన గది అంటేనే అనుమానం, పైగా లోపల మనిషి ఉండిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. పిల్లాడు దాక్కున్నాడనో, పెద్దావిడ ఫోన్లో మాట్లాడుతూ కూర్చుండిపోయిందనో షట్టర్ దించాక తెలియడం దెయ్యం కంటే పెద్ద తలనొప్పి. కొత్తగా గదులు కట్టించుకునేవాళ్ళు తలుపు కింద అడుగు మేర ఖాళీ వదలండి. దూరం నుంచే కాళ్ళు కనపడతాయి.

ట్రయల్ రూమ్ లైటు అన్నిటికంటే ముందు ఆపేయకండి. సగం చీకట్లో అద్దం వంక చూస్తే మన మొహమే మనకు వేరేగా కనిపిస్తుంది. ఇటలీకి చెందిన మనస్తత్వ పరిశోధకుడు జొవాన్ని కపుటో 2010లో దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. మసక వెలుతురులో అద్దంలోని తమ మొహాన్నే కదలకుండా చూసినవాళ్ళకు నిమిషం తిరిగేలోపే మొహం వంకర్లు పోవడం, ముక్కూమొహం తెలియని వేరేవాళ్ళు కనపడడం మొదలైంది. కదలని దాన్ని మసకలో అలాగే చూస్తుంటే మెదడు కొన్ని భాగాలను వదిలేసి మిగతా వాటితో సొంతంగా పూరించుకుంటుంది. కాబట్టి అద్దం తుడిచే పనిని నిండు వెలుతురులోనే ముగించండి.

బొమ్మల సంగతి

డిస్‌ప్లే బొమ్మ భయపెట్టేది తన రూపంతో కాదు, మొహంలో ఏ భావమూ లేకపోవడంతో. 1978లోనే వచ్చిన 'హాలోవీన్' సినిమాలో హంతకుడి తెల్లటి ముసుగు ఏదో గొప్ప కళాకారుడు చెక్కింది కాదు. అమెరికా టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లోని కెప్టెన్ కిర్క్ మొహంతో అమ్మే ముసుగును రెండు డాలర్ల లోపు పెట్టి కొనుక్కొచ్చి, తెల్లరంగు కొట్టి, కంటి రంధ్రాలు పెద్దవి చేశారు. నవ్వూ ఏడుపూ లేని మొహం కనపడితే ఎదుటివాడి ఉద్దేశం మనకు అంతుపట్టదు. భయం అక్కణ్నుంచే పుడుతుంది.

బొమ్మలను తీసేయలేం కదా, జరపగలం. స్విచ్ బోర్డు దగ్గర నిలబడి చూడండి. అక్కణ్నుంచి షట్టర్ దాకా మీరు నడిచే దారి ఒక గీత అనుకోండి. ఆ గీతకు ఎదురుగా, దారి చివర, ఏ బొమ్మా ఉండకూడదు. పక్కల ఉన్నవి నాలుగడుగులు దూరంగా ఉండాలి. కంటి చివరల్లో మనకు వివరం సరిగా అందదు, ఆకారం మాత్రం అందుతుంది. అందుకే భుజం పక్కనే ఉన్న బొమ్మ మనిషిలా తోస్తుంది. వీలైతే అన్నిటి మొహాలూ వీధి వైపు తిప్పండి. అమ్మకానికీ అదే మంచిది.

రాత్రి దుమ్ము పడకుండా బొమ్మల మీద గుడ్డ కప్పే అలవాటుంటే తెల్ల దుప్పటి మాత్రం వాడకండి. పూలో, గళ్ళో ఉన్న పాత బెడ్‌షీట్ కప్పి నడుం దగ్గర నాడాతో కట్టండి. కట్టకపోతే ఏసీ ఆపాక కూడా సందులోంచి వచ్చే గాలికి అంచు ఊగుతుంది.

ఖరీదైన పట్టుచీరలు, బరువు వర్కు ఉన్న లెహంగాలు ఎలాగూ రాత్రికి విప్పి బీరువాలో పెడతారు. అప్పుడే బొమ్మ చేతులు చూసుకోండి. చెయ్యి భుజంలో దూర్చి తిప్పితే బిగుసుకునేలా ఉంటుంది. పగలంతా కట్టడం విప్పడంలో ఆ బిగింపు సగానికి వదులవుతుంది. బరువు చున్నీ వేసి వదిలేస్తే రాత్రికి చెయ్యి ఊడి నేల మీద పడుతుంది. బొమ్మ మొత్తం వాలుతుంటే కాలి పిక్కలోకి దూరే ఇనుప కడ్డీ దగ్గర స్క్రూ వదులైందన్న మాట. కీతో పావు చుట్టు బిగిస్తే చాలు, ఎక్కువ బిగిస్తే ఫైబర్ పగులుతుంది.

9:30కి: గల్లా

షట్టర్ సగానికి దించి, లైట్లన్నీ వేసుకుని లెక్క చూడాలి. సగం అంటే బయటివాళ్ళకు నడుం కింద మాత్రమే కనపడేంత. 500 నోట్లు వందకొక కట్ట, అంటే 50,000. మర్నాటికి చిల్లరగా పదులు, ఇరవైలు, యాభైలు కలిపి ఒక 2,000 పక్కన పెట్టండి. స్వైపింగ్ మిషన్ సెటిల్‌మెంట్ స్లిప్పు, ఫోన్‌లో వచ్చిన డబ్బుల మొత్తం, రెండూ అదే కాగితం మీద రాయండి. ఒకరు లెక్కపెట్టేటప్పుడు రెండోవాళ్ళు షట్టర్ వైపు చూస్తూ ఉండాలి. ఈ పనికి దెయ్యాల భయం అక్కర్లేదు, మనుషుల భయం కొంచెం ఉండడం మంచిదే.

చప్పుళ్ళకు పేర్లు పెట్టుకోండి

షాపులో పాటలు ఆపేసి, ఏసీ ఆపి, అయిదు నిమిషాలు కౌంటర్ దగ్గర కూర్చుని వినండి. మొదటిసారి ఈ పని ఆదివారం పగలు చేయాలి, రాత్రి కాదు. ఒక్కో చప్పుడూ ఎక్కడిదో కనిపెట్టి కాగితం మీద రాసి స్విచ్ బోర్డు పక్కన అంటించండి. చాలా షాపుల్లో వినపడేవి ఇవి.

షట్టర్ వైపు నుంచి టక్, టక్ అని ఆగి ఆగి వస్తే, పగటి ఎండకు కాగిన ఇనుము చల్లారుతోంది. మూడు మీటర్ల ఇనుప రేకు 15 డిగ్రీలు చల్లబడితే సుమారు అర మిల్లీమీటరు కుంచించుకుంటుంది. ఆ కాస్త పట్టాలో జారేటప్పుడు ఒక్కో పలకా చప్పుడు చేస్తుంది. ఎండాకాలంలో రాత్రి 11 దాకా ఇది ఆగదు.

ఫ్రీజర్‌లోంచి ఎవరో నీళ్ళు మింగినట్టు గుటగుటలాడితే, కంప్రెసర్ ఆగాక లోపలి గ్యాసు ఒత్తిడి సర్దుకుంటోంది. అంతకు ముందు వచ్చిన 'టిక్' దాన్ని ఆపే రిలే అనే చిన్న స్విచ్‌ది. ఏసీ ఆపిన పది నిమిషాలకు పైన ఫట్‌మని వస్తే అది ప్లాస్టిక్ మూత మళ్ళీ గది వేడికి సాగడం. ఇన్వర్టర్ కీచుమంటుంటే బ్యాటరీ అయిపోవస్తోందేమో చూడండి. దీన్ని మాత్రం వదిలేయకూడదు.

బిల్లు మిషన్ తనంతట తాను కాగితం కొట్టిందని హడలిపోతుంటారు. కరెంటు పోయినప్పుడు మధ్యలో ఆగిన బిల్లు కంప్యూటర్‌లో వరసలో నిలిచి ఉంటుంది. కరెంటు రాగానే అది బయటికొస్తుంది. కట్టేసే ముందు ప్రింట్ వరస ఖాళీగా ఉందో లేదో చూసి ఆపండి.

గాజు తలుపు ఎవరూ లేకుండా తెరుచుకుంటుంటే పైనున్న సెన్సర్ కింద ఏం ఊగుతోందో చూడండి. ఆఫర్ బ్యానర్ కావచ్చు, బెలూన్ కావచ్చు. చాలాసార్లు అది మనం దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండే. దారం పొడుగైతే గాలికి ఊగి సెన్సర్ ముందుకొస్తుంది. దండను తీసేయక్కర్లేదు, దారం జానెడుకు తగ్గించి ఓ పక్కకు కట్టండి.

గుమ్మం దగ్గర కట్టే దిష్టి దండ మాట వచ్చింది కాబట్టి, గుమ్మం మీది రాతల గురించీ ఒకటి చెప్పాలి. తెలుగు ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. తలుపు తట్టే దెయ్యం అది చదువుకుని వెనక్కి పోయి, మళ్ళీ మర్నాడొచ్చి మళ్ళీ అదే చదువుకుంటుందని నమ్మకం. కిరాణా కొట్టు గోడ మీద 'నేడు నగదు, రేపు అప్పు' అన్న బోర్డుదీ అచ్చంగా అదే ఎత్తు. రేపు అన్నది ఎప్పటికీ రాదని రెండుచోట్లా మన పెద్దలు కనిపెట్టేశారు. భయపడుతున్న కుర్రాడికి ఈ సంగతి చెప్పి చూడండి, నవ్వుతాడు. నవ్విన మనిషి ట్రయల్ రూమ్ దాకా పోగలడు.

లైట్లు ఆపే వరస

వెనక నుంచి ముందుకు. ఎప్పుడూ ఇంతే. మీ వెనక చీకటి, ముందు వెలుతురు ఉండాలి, దాటొచ్చిన చీకట్లోకి మళ్ళీ అడుగు పెట్టే పని ఉండకూడదు. స్విచ్ బోర్డు వెనకవైపు ఉన్న షాపుల్లో కౌంటర్ లైటుకు మాత్రం షట్టర్ దగ్గర ఒక స్విచ్ వేయించుకోండి. ఎలక్ట్రీషియన్‌కు అది గంట పని.

ఫ్రీజర్, సీసీ కెమెరా, ఇంటర్నెట్ మూడింటి ఎంసీబీలకూ (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్‌లకు) ఎర్ర టేపు చుట్టండి. ఎర్రది ముట్టుకోకూడదన్నది షాపులో అందరికీ తెలియాలి. పొరపాటున ఫ్రీజర్ ఆపేస్తే వెంటనే మళ్ళీ వేయకండి, అయిదు నిమిషాలు ఆగండి. లోపల ఒత్తిడి దిగకుండా వేస్తే కంప్రెసర్ మీద భారం పడి కాలిపోవచ్చు.

నిండు వెలుతురులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను పూర్తిగా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంత ఆగలేం కనుక టార్చి ఉండాలి. ఫోన్ టార్చిని నడుం దగ్గర పట్టుకుని పైకి చూపిస్తే ప్రతి బొమ్మ గడ్డం కింద నుంచీ వెలుగు పడి, ముక్కు నీడ నుదుటి మీదికి పోతుంది. సినిమావాళ్ళు దెయ్యం మొహానికి లైటు పెట్టేది సరిగ్గా అక్కణ్నుంచే. భుజం ఎత్తున పట్టుకుని, నాలుగడుగుల ముందు నేల మీదికి చూపించండి. అడుగు తడబడదు, మొహాలూ మామూలుగా ఉంటాయి.

ఆపేసిన ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతూనే ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉన్నా అలా వెలుగుతుంది, అది పర్లేదు. ఇండికేటర్ లేకపోయినా వెలుగుతుంటే వైరింగ్‌లో ఫేజుకు బదులు న్యూట్రల్‌కు స్విచ్ పెట్టి ఉండవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేవాడికి షాక్ కొడుతుంది. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మిణుకుమనే పాత ట్యూబులైటుకు ముందు స్టార్టర్ మార్చి చూడండి. చివర్లు నల్లబడి ఉంటే ట్యూబే మార్చాలి.

షట్టర్

దించే ముందు గుమ్మంలో నిలబడి గట్టిగా, "లోపల ఎవరైనా ఉన్నారా? కట్టేస్తున్నాం" అని రెండుసార్లు పిలవండి. పది లెక్కపెట్టండి. రెండోవాళ్ళు మీ పక్కనే ఉండాలి, బండి దగ్గర కాదు.

కొక్కెం కర్రతో లాగండి. పలకల మధ్య వేళ్ళు పెట్టకండి. సగం దిగాక ఒక్కసారిగా దడేల్‌మని పడిపోతోందంటే పైనున్న స్ప్రింగు బలం తగ్గింది. ఎత్తేటప్పుడు బరువుగా ఉండడం కూడా దాని గుర్తే. ఆ స్ప్రింగును మీరు విప్పకూడదు. చుట్టి బిగించిన స్ప్రింగు వదిలితే చెయ్యి విరుగుతుంది, షట్టర్ మెకానిక్‌నే పిలవాలి. కిర్రుమనే చప్పుడుకు మాత్రం మీరే మందు వేయవచ్చు. పక్క పట్టాల్లో దుమ్మును గుడ్డతో తుడిచి, పల్చటి నూనె నాలుగు చుక్కలు వేయండి. గ్రీజు వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. తాళాలు లాగి చూసి, ఫొటో తీసి షాపు గ్రూపులో పెట్టండి. ఇంటికెళ్ళాక 'తాళం వేశానా లేదా' అన్న అనుమానానికి అంతకు మించిన మందు లేదు.

అర్ధరాత్రి ఫోన్ మోగితే

కెమెరా అలారం వస్తే కంగారుగా షాపుకు పరుగెత్తకండి. ముందు వీడియో చూడండి. రాత్రిపూట కెమెరా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో చూస్తుంది, అందుకే వీడియో తెలుపు నలుపుల్లో ఉంటుంది.

తెల్లటి గుండ్రటి ఉండలు తేలుతుంటే అవి లెన్సుకు దగ్గరగా ఎగిరే దుమ్ము, పురుగులు. తెల్లటి దారం ఊగుతుంటే సాలెగూడు. కెమెరా చుట్టూ ఉండే వెచ్చదనానికీ, వెలుగుకు వచ్చే పురుగుల కోసమూ సాలీడు అక్కడే కాపురం పెడుతుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి. నేల దగ్గర రెండు దీపాల్లా మెరిస్తే అవి పిల్లి కళ్ళు. కంటి వెనకనున్న అద్దంలాంటి పొర వెలుగును తిప్పి కొడుతుంది.

అందర్నీ బెదరగొట్టేది తెల్లచీర. మీరు బొమ్మకు నల్లచీర కట్టి వచ్చారు, వీడియోలో తెల్లచీర నిలబడి ఉంది. ఇది చాలా బట్టల షాపుల్లో జరిగేదే. సింథటిక్ బట్టకు వేసే నల్లరంగుల్లో చాలావరకు కంటికి కనపడే వెలుగును మింగేస్తాయి గానీ ఇన్‌ఫ్రారెడ్‌ను తిప్పి పంపేస్తాయి. కెమెరాకు అది తెల్లగా కనపడుతుంది. నమ్మకం కుదరకపోతే అదే చీరను, ఒక నల్ల నూలు గుడ్డను సీసీ కెమెరా ముందు పక్కపక్కన పెట్టి, లైట్లు ఆపి, ఆ వీడియోను ఫోన్‌లో చూడండి. రెండూ ఒకేలా ఉండకపోవచ్చు.

తేదీ ఏదో పాత సంవత్సరం చూపిస్తుంటే రికార్డర్ లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. అలారాలు తగ్గాలంటే కెమెరా సెట్టింగుల్లో కదలికను గమనించే చోటును గీసుకునే వీలుంటుంది. కర్టెన్, ఫ్యాన్, వీధి లైటు నీడ పడే చోటు వదిలేసి, షట్టర్, గల్లా మాత్రం గీయండి.

నిజంగా మనిషి కనపడితే ఒంటరిగా పోవద్దు. 112కు ఫోన్ చేసి, పక్కషాపు వాళ్ళను కూడా లేపండి.

కొత్తగా చేరినవాళ్ళతో

మొదటి వారం కొత్తవాళ్ళకు కట్టేసే పని ఒక్కరికే అప్పగించకండి. చప్పుళ్ళ కాగితం చదివించి, ఒక్కోటీ పగలు వినిపించండి. బొమ్మ వెనక దాక్కుని అరవడం, ట్రయల్ రూమ్‌లో విగ్గు వేలాడదీయడం లాంటి ఆటలు మాత్రం గట్టిగా వద్దని చెప్పండి. స్టూలెక్కి పై అర సర్దుతున్న మనిషి ఉలిక్కిపడితే వెనక్కి పడతాడు, కింద ఉండేది టైల్స్ నేల. నిన్న సినిమాకెళ్ళొచ్చి నిద్ర లేకుండా ఉన్నవాడికి ఆ రోజు పొద్దుటి డ్యూటీ ఇస్తే ఇద్దరికీ సుఖం.

పొద్దున షట్టర్ ఎత్తగానే

ముందు లైట్లు, తర్వాత ట్రయల్ రూములు, తర్వాత ఫ్రీజర్. ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ళు ఫ్రీజర్ మైనస్ 18 చూపిస్తోందని సంతోషపడకుండా, లోపల మూలన ఒక చిన్న గ్లాసులో గడ్డకట్టిన నీళ్ళ మీద రూపాయి బిళ్ళ పెట్టి ఉంచుకోండి. బిళ్ళ పైనే ఉంటే రాత్రి కరెంటు బాగానే ఉంది. మంచులో అడుగుకు దిగిపోయి ఉంటే మీరు నిద్రలో ఉన్నప్పుడు కరెంటు పోయి, అంతా కరిగి, మళ్ళీ గడ్డకట్టింది. ఆ ఐస్‌క్రీమ్ అమ్మకండి.